ఆధారాలు లేవంట! బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

మా పక్కపల్లె పిల్ల ఒకతె ఎం.ఏ. తెలుగు చదువుతోంది. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. అమ్మ మిరపకాయల కోతకు పోతుంది. నాయిన బేల్దారి పనికి పోతాడు. రెండో ఏడు ప్రాజెక్టుకు ‘తెలుగులో తొలి దళిత కవులు’ అనే అంశం రాసుకుపోతే గైడు సారు కాయితం చూసి పక్కన పెట్టాడంట. “అంశం మంచిదేనమ్మా. సోర్సులేవి? జాషువా తప్ప ఎవరున్నారు? ఆధారాలు లేకుండా పరిశోధన ఎట్టా చేస్తావు? ప్రబంధాల్లో ప్రకృతి వర్ణన తీసుకో, పుస్తకాలు బోలెడున్నాయి” అన్నాడంట. వారం గడువిచ్చాడు. ఆ పిల్ల కాలేజీ లైబ్రరీకి పోయి కంప్యూటరులో ‘దళిత’ అని కొట్టింది. పదకొండు పుస్తకాలొచ్చాయి. అన్నీ 1990 తర్వాతవే. తొలి కవుల మాట ఒక్కదాంట్లోనూ లేదు. కళ్లనీళ్లు పెట్టుకుని మా ఆఫీసుకొచ్చింది. “అన్నా, నిజంగానే మనోళ్లెవరూ రాయలేదా?” అనడిగింది.

ఆ ప్రశ్న ఒక్క పిల్లది కాదు. సంఘంలో తిరిగే ప్రతివాడూ ఏదో ఒకనాడు విన్నదే. “మీకు చరిత్ర ఎక్కడుంది? మీకు సాహిత్యం ఎక్కడుంది? ఉంటే చూపించండి” అంటారు. మనం చూపించలేక కోపంతో అరుస్తాం. అరిచినోడిది ఆవేశం అంటారు, కాయితం చూపించినోడిది పాండిత్యం అంటారు. అందుకని ఈసారి సంచికలో ఊరేగింపుల సంగతి పక్కనబెట్టి లైబ్రరీ గురించి రాస్తున్నాం. ఇదేదో చదువుకునే పిల్లల గొడవ, మనకెందుకులే అని పేజీ తిప్పబాకండి. ఇది భూమి తగాదా లాంటిదే.

భూమి తగాదా సంగతి పల్లెలో ఎవరికి తెలియదు? తాత ముత్తాతల కాలం నుంచి దున్నుకుంటున్న బంజరు మనదే. ఊరంతా ఎరుగును. కానీ ఎమ్మార్వో ముందుకు పోయేటప్పటికి అడంగల్లో ఎవరి పేరుందో వాడిదే మాట. మన అనుభవం నిజమే, కానీ కాయితం లేదు. కాయితం నిజంగా లేదా అంటే, ఉంటుంది. పాత అడంగల్లో ఉంటుంది, డీ పట్టా రిజిస్టరులో ఉంటుంది, తాలూకా కచేరీ అటక మీద మూటల్లో ఉంటుంది. దాన్ని చూసే అవకాశం మనకు లేదు, ఎట్టా అడగాలో మనకు తెలియదు, చెప్పాల్సినోడు చెప్పడు. సాహిత్య పరిశోధనలోనూ జరిగేది అచ్చం అదే. “ఆధారాలు లేవు” అనే మాటకు చాలాసార్లు అసలర్థం “మేము వెతకలేదు, మిమ్మల్ని వెతకనివ్వం” అని.

పేరు మార్చి పెట్టిన బీరువాలు

ఆ పిల్లను వెంటబెట్టుకుని జిల్లాలోని ఒక పాత గ్రంథాలయానికి పోయాం. మూడు రోజులు కూర్చున్నాం. మొదటి రోజు ఉత్త చేతుల్తోనే తిరిగొచ్చాం. ఎందుకంటే మేమూ ఆ పిల్ల లాగే ‘దళిత’ అనే మాటతోనే వెతికాం. సాయంత్రం ఇంటికొస్తూ బస్సులో ఒక పెద్దాయన అన్నమాటతో మాకు బుద్ధొచ్చింది. “మా నాయన కాలంలో మనల్ని దళితులని ఎవడన్నాడురా? పంచములనో, ఆది ఆంధ్రులనో అనేవాళ్లు” అన్నాడు.

నిజమే కదా! మన పేరు మనం పెట్టుకున్నది తక్కువ, ఒకడు పెట్టింది ఎక్కువ. ఏ కాలంలో మనల్ని ఏ పేరుతో పిలిచారో ఆ కాలం కాయితం ఆ పేరు కిందనే ఉంటుంది. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభను పిలిచింది ‘పంచమ మహాసభ’ అని. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన అక్కడే మనవాళ్లు మేం పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అన్నారు. అప్పట్నుంచి కోస్తా పత్రికల్లో ‘ఆది ఆంధ్ర’ అని వెతకాలి. నిజాం రాజ్యంలో అయితే ‘ఆది హిందూ’ అని వెతకాలి. సర్కారు కాయితాల్లో ‘డిప్రెస్డ్ క్లాసెస్’, దాని తెలుగు ‘నిమ్నజాతులు’. 1932 తర్వాత కాంగ్రెసు పత్రికలన్నిట్లో ‘హరిజన’. 1935 చట్టం నుంచి ‘షెడ్యూల్డ్ కులాలు’. దొరల పుస్తకాల్లో ‘పారియా’. ఇవి కాక ‘అస్పృశ్యత’, ‘అంటరానితనం’ అనే మాటలు వేరే. మాల, మాదిగ అని నేరుగా కులం పేరుతోనూ చూడాలి.

రెండో రోజు ‘హరిజన’ అనే మాటతో పాత కార్డుల సొరుగు లాగితే కార్డులు వరసగా వచ్చాయి. మనకు గిట్టని మాటే. నోటితో పలకడానికి కూడా మనసొప్పదు. కానీ ఆ సొరుగు తెరవకపోతే మన తాతల మాట మనకు దొరకదు. శత్రువు పెట్టిన పేరుతో మన సొమ్ము మనం విడిపించుకోవాల్సి వచ్చింది, అంతే.

కంప్యూటరు క్యాటలాగులో ఇంకొక చిక్కుంది. తెలుగు పుస్తకాల పేర్లు చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. జాషువా పేరు ఒకచోట ఒక విధంగా, మరొకచోట మరొక విధంగా ఉంటుంది. దీర్ఘానికి ఒకరు రెండు అక్షరాలు పెడతారు, ఒకరు ఒకటే పెడతారు. ఒక్క స్పెల్లింగుతో వెతికి లేదనుకోవద్దు. నాలుగు రకాలుగా కొట్టి చూడాలి.

ఇక అలమర సంగతి. మన లైబ్రరీల్లో ఎక్కువ భాగం డ్యూయీ అనే అమెరికా ఆయన చేసిన నెంబర్ల పద్ధతిని పాటిస్తాయి. అందులో తెలుగు సాహిత్యం నెంబరు 894.827. పిల్లలు నేరుగా ఆ అలమర దగ్గరికే పోతారు. మన పుస్తకం అక్కడే ఉంటుందని నమ్మకం లేదు. దళిత కవి రాసిన కవిత్వాన్ని సాహిత్యం కింద కాక, కులం సమస్య కింద 305 నెంబరు దగ్గర పెట్టిన చోట్లున్నాయి. మన పాటల్ని, కథల్ని జానపదం కింద 398 దగ్గర పెడతారు. ఆలోచించండి. ఒకాయన తన బాధ రాస్తే అది కావ్యం, 894. మనవాడు తన బాధ రాస్తే అది సాంఘిక సమస్య, 305. మన అమ్మ పాడితే అది జానపదం, కవి పేరు కూడా ఉండదు. ఊళ్లో పల్లెను విడిగా పెట్టినట్టే అలమరలోనూ మనల్ని విడిగా పెట్టారు. ఇది ఒక్క గుమాస్తా కుట్ర అని మేం అనం. అలవాటు. అలవాటే కులం. మూడు అలమరలూ తిరగాల్సిందేనని మన పిల్లలకు చెప్పాలి.

సంవత్సరాల లెక్క

మూడో రోజు పాత పత్రికల బైండు సంపుటాలు అడిగాం. అక్కడొక తమాషా ఎదురైంది. పాత తెలుగు పత్రికల మీద ఇంగ్లీషు సంవత్సరంతోబాటు, కొన్నిచోట్ల దానికి బదులు, తెలుగు సంవత్సరం పేరుంటుంది. ప్రభవ, విభవ అని అరవై పేర్లు. అరవై ఏళ్లకొకసారి పేరు మళ్లీ వస్తుంది. ప్రభవ అంటే 1927–28 కావచ్చు, 1987–88 కావచ్చు. కాయితం పాతదో కొత్తదో చూసి లెక్క కట్టుకోవాలి. హైదరాబాదు రాజ్యంలో అచ్చయినవాటి మీద ఫసలీ సంవత్సరముంటే దానికి 590 కలపాలి. ఫసలీ 1340 అంటే సుమారు 1930–31. ఈ చిన్న లెక్క తెలియక ఎంతమంది పిల్లలు తేదీ తప్పు రాసి, వైవా పరీక్షలో తలొంచుకున్నారో!

ఆ సంపుటాల్లో మాకు సభల వార్తలు దొరికాయి, ఉత్తరాలు దొరికాయి, పద్యాలు దొరికాయి. కొన్నిటి కింద పేరుంది, కొన్నిటి కింద ‘ఒక ఆది ఆంధ్రుడు’ అని మాత్రమే ఉంది. ఆ పిల్ల ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు కదలకుండా కూర్చుంది. పేరు చెప్పుకోలేని రోజుల్లో కూడా మనవాడొకడు పద్యం రాసి పోస్టులో వేశాడు. దాన్ని ఎవడో అచ్చేశాడు. వందేళ్లుగా అది ఆ బీరువాలో ఎదురుచూస్తూ ఉంది. సారు మాత్రం లేదన్నాడు.

జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. అంతకు ముందే, స్వరాజ్య ఉద్యమం ఊపు మీదున్న 1920ల మొదట్లోనే, రాజమండ్రి వైపు కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశాడు. తెల్లదొరతనం వద్దని గరిమెళ్ల పాట పాడుతుంటే, మరి ఈ నల్లదొరల మాటేంటని అడిగినవాడు ధర్మన్న. గరిమెళ్ల పాట బళ్లో చెబుతారు. ధర్మన్నను ఎం.ఏ. దాకా వచ్చిన పిల్లకు కూడా చెప్పలేదు. ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చేదాకా, 1921 నుంచీ దళిత స్త్రీలు రాస్తూనే ఉన్నారని ఎంతమందికి తెలుసు? ఆ పుస్తకం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒక మనిషి కూర్చుని, తిరిగి, అడిగి, పాత కాయితాలు తిరగేస్తే వచ్చింది. ఆధారాలు లేవన్న మాటకు అదే జవాబు.

ఎక్కడికి పోవాలి?

ఉత్త కోపంతో పని జరగదు. పిల్లలకు దారి చెప్పాలి. మాకు తెలిసినంతవరకు చెబుతున్నాం.

ఒంగోలు, చీరాల వైపు వాళ్లకు వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టారు. పాత పత్రికలకు పెట్టింది పేరు. చీరాలకు ఒక పక్కన వేటపాలెం, ఇంకొక పక్కన కారంచేడు. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లను చంపితే, ప్రాణాలు చేతబట్టుకుని పరుగెత్తిన జనం చేరింది చీరాలకే. ఆ శిబిరానికి పోయినవాళ్లం చాలామందిమి ఉన్నాం. అంత దగ్గరలో వందేళ్ల పత్రికలున్న బీరువాలున్నాయని, అందులో మన తాతల సంగతులుంటాయని అప్పట్లో మాకు తట్టలేదు. అది మా లోపం.

గోదావరి జిల్లాలవాళ్లకు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజిలో ఒకప్పటి ఆసఫియా అయిన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞానకేంద్రం, ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ ఉన్నాయి. మదరాసు రాజధాని కాలం నాటి సర్కారు కాయితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో ఉన్నాయి. ఇంకొక సంగతి. 1867 చట్టం కింద అచ్చయిన ప్రతి పుస్తకం పేరునూ సర్కారు మూడు నెలలకొకసారి జాబితా వేసేది. పుస్తకం చెదలు తిన్నా ఆ జాబితాలో పేరుంటే, అలాంటి పుస్తకం ఒకటి పుట్టిందని రుజువు. తెల్లదొర మనకు మేలు చేద్దామని రాయలేదు, నిఘా కోసం రాశాడు. నిఘా కోసం రాసిన కాయితం ఇవాళ మనకు సాక్ష్యం.

మిషనరీల కాయితాలు కూడా వదలొద్దు. ఒంగోలు బాప్టిస్టు మిషనుకు చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అనే ఆమె 1899లోనే మాదిగల గురించి ‘చెప్పులు కుడుతూ’ అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకం రాసింది. థర్‌స్టన్ అనే దొర 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. ఇవి చదవాలి, కానీ కళ్లు తెరుచుకుని చదవాలి. ఆమె మతం కళ్లతో చూసింది, ఆయన కొలబద్ద పెట్టి చూశాడు. రాసినవాడెవడు, ఎవరి కోసం రాశాడు, ఎవర్నడిగి రాశాడు అని ప్రతి పేజీకీ అడగాలి. ఈ మూడు ప్రశ్నలే పరిశోధన.

చార్జీలకు డబ్బుల్లేనివాళ్లు ఏం చెయ్యాలి? ఇవాళ ప్రతి పల్లెలోనూ ఫోనుంది. యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి రాసిన సిద్ధాంత గ్రంథాలను ‘శోధ్‌గంగ’ అనే చోట ఉచితంగా చదవొచ్చు. 2009 యూజీసీ నిబంధనల్లో సిద్ధాంత గ్రంథం కంప్యూటరు ప్రతి కూడా ఇవ్వాలని పెట్టారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాటిని చేరుస్తోంది. మీ అంశానికి దగ్గరగా ఉన్న ఒక్క సిద్ధాంత గ్రంథం తెరవండి. ముందు చదవాల్సింది చివరి పేజీలు. అక్కడ ‘ఉపయుక్త గ్రంథసూచి’ ఉంటుంది. ఒకడు అయిదేళ్లు తిరిగి పోగేసిన చిట్టా అది. అందులోంచి ఇరవై పేర్లు రాసుకుని లైబ్రరీకి పోతే, లైబ్రేరియన్ మిమ్మల్ని చూసే చూపే వేరుగా ఉంటుంది. “దళితుల మీద ఏమన్నా ఉందా సార్?” అని అడిగితే లేదంటాడు. ఫలానా పుస్తకం, ఫలానా సంవత్సరం అని అడిగితే లేవక తప్పదు.

పాత తెలుగు పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవులో స్కాన్ చేసి ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. 2025 జనవరి నుంచి కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని పెట్టి, సర్కారు కాలేజీలకు, యూనివర్సిటీలకు దాదాపు పదమూడు వేల పరిశోధన పత్రికలు అందిస్తామంది. మీది సర్కారు కాలేజీ అయితే మీ లైబ్రేరియన్‌ను పోయి అడగండి, మనకు వచ్చిందా, లాగిన్ ఏది అని. అడక్కపోతే ఎవరూ చెప్పరు. ప్రైవేటు కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివే మన పిల్లలకు మాత్రం ఈ తలుపు తెరవలేదు. మన పిల్లలు ఎక్కువమంది ఉన్నదేమో అక్కడ!

ఒక జాగ్రత్త చెప్పాలి. ఫోనులో ప్రశ్న అడిగితే జవాబు రాసిచ్చే యంత్రాలు ఇప్పుడొచ్చాయి. ఆ పిల్ల కూడా అడిగింది. చక్కగా అయిదు పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు, సంవత్సరాలు ఇచ్చింది. మేము వెతికితే అందులో మూడు పుస్తకాలు అసలు పుట్టనే లేదు. సంతకం పెట్టిన దొంగ పట్టా లాంటిది అది. చూడ్డానికి బాగుంటుంది, పొలంలోకి పోతే సర్వే నెంబరే ఉండదు. కాయితం కంటితో చూడనిదే ఆధారం అని రాయొద్దు. మన పిల్ల ఒక్క తప్పు రాస్తే, ఆ ఒక్కదాన్ని పట్టుకుని మిగతా తొంభై తొమ్మిదీ కొట్టేసేవాళ్లు కాచుకుని ఉన్నారు.

అనుభవం చాలదా?

మనలో కొందరు అన్నలు మా మీద కోప్పడుతున్నారు. “పుస్తకాల పురుగుల పని మనకెందుకు? మన వీపు మీద దెబ్బే మనకు ఆధారం. ఫుట్‌నోటు పెట్టి ఏడవాలా?” అంటున్నారు. వాళ్ల బాధ మాకు తెలుసు. అనుభవం లేని ఆధారం ఉత్త కాయితమే, ఒప్పుకుంటాం. కానీ బాబాసాహెబ్ ఏం చేశారో చూడండి.

ఆయనకు బళ్లో సంస్కృతం చెప్పమన్నారు. పర్షియన్ చదువుకోవాల్సి వచ్చింది. 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోయారు. 1916 మే 9న అక్కడి సెమినారులో కులం పుట్టుక మీద పత్రం చదివారు. అప్పటికాయన వయసు పాతికేళ్లు. తను పడ్డ అవమానాలు చెప్పుకుని కూర్చోలేదు. సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ అనే నలుగురి నిర్వచనాలు ముందు పెట్టి, ఏది ఎక్కడ చాలలేదో చూపించి, ఆ తర్వాత తన మాట చెప్పారు. ఇవాళ కాలేజీల్లో దాన్నే ‘పూర్వ పరిశోధనల సమీక్ష’ అంటున్నారు. 1946లో శూద్రుల మీద పుస్తకం రాసినప్పుడు, సంస్కృతం రాదుగదా అని పండితులు ఎగతాళి చేస్తారని ఆయనకు తెలుసు. ఆ లోటును ముందుమాటలోనే ఒప్పుకుని, అనువాదాలున్నాయి, చదివాను, తప్పుంటే చూపించండి అనే ధోరణిలో నిలబడ్డారు. దాదరులో ఇల్లు కట్టుకుంటే పుస్తకాలకు చోటు చూసుకుని కట్టుకున్నారు. ఆయన వీపు మీద దెబ్బల్లేవా? ఉన్నాయి. ఆ దెబ్బ సంగతి లోకం చేత ఒప్పించడానికి లైబ్రరీలో కూర్చున్నారు. ఆయన బొమ్మకు దండేసే చేత్తో పుస్తకం తెరవకపోతే ఆ దండకు అర్థమేముంది?

ఇంకొకటి. అనుభవం కూడా ఆధారమే, కానీ దాన్ని ఆధారంగా నిలబెట్టే పద్ధతి ఉంది. మీ పల్లెలో పాత పాటలు పాడే అవ్వ ఉందా? ఫోనులో రికార్డు చెయ్యండి. పాడిన మనిషి పేరు, ఊరు, వయసు, తేదీ రాసుకోండి. ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి. ఆమె అనుమతి తీసుకోండి. అప్పుడది ‘జానపదం’ కాదు, పేరున్న కవయిత్రి పాట. జాంబపురాణం చెప్పే చిందు, డక్కలి కళాకారుల దగ్గర ఉన్నది ఏ లైబ్రరీలోనూ లేని లైబ్రరీ. వాళ్లలో ఒక ముసలాయన పోతే ఒక బీరువా తగలబడినట్టే.

మన తప్పు మనం చెప్పుకోవాలి

తాళం ఎవరి దగ్గరుందని పైన అడిగాం. అన్ని తాళాలూ పైకులాలవాళ్ల దగ్గరే లేవు. కొన్ని మన దగ్గరే ఉన్నాయి, మనమే పారేసుకున్నాం. కారంచేడు ఉద్యమంలో వేసిన కరపత్రాలు మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయి? 1991 ఆగస్టు 6న చుండూరులో మారణకాండ జరిగిన తర్వాత వచ్చిన పాటల పుస్తకాలు ఎన్ని మిగిలాయి? మా పత్రిక ఫైలే మా దగ్గర పూర్తిగా లేదు. ఆఫీసు మారినప్పుడు ఒక మూట పోయింది, ఇంకొక మూట చెదలు తిన్నది. ఆ పిల్ల వచ్చి పాత సంచికలడిగితే మేము కూడా “లేవమ్మా” అన్నాం. గైడు సారుకు మాకు తేడా ఏముంది? ఆ రోజు మాకు నిజంగా సిగ్గేసింది.

1954లో ఒక చట్టం వచ్చింది. దేశంలో ఏ పుస్తకం అచ్చేసినా కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మదరాసు కన్నెమెరాకు, బొంబాయి, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కొక్క ప్రతి పంపాలని. పెద్ద ప్రచురణకర్తలు పంపారు. మనం పంపలేదు. పోస్టు ఖర్చుకు డబ్బుల్లేవు, ఆ చట్టం ఒకటుందనే తెలియదు. రేపు ఇంకొక పిల్ల అక్కడికి పోయి వెతికితే 1980లు, 1990ల్లో తెలుగునాట దళితులు ఏమీ రాయలేదనే తేలుతుంది. అబద్ధానికి మనమే సాక్ష్యం తయారుచేసి పెట్టామన్నమాట.

అందుకని సంఘాల కార్యకర్తలకు మా మనవి. ఏ కరపత్రం వేసినా, ఏ పాటల పుస్తకం వేసినా పది ప్రతులు పక్కన పెట్టండి. తేదీ, సంవత్సరం, ఊరు, అచ్చేసిన ప్రెస్సు పేరు తప్పకుండా వెయ్యండి. తేదీ లేని కరపత్రం తండ్రి పేరు లేని సర్టిఫికెట్టు లాంటిది, ఎక్కడా చెల్లదు. రెండు ప్రతులు జిల్లా గ్రంథాలయానికి ఇచ్చి, అక్సెషన్ రిజిస్టరులో నెంబరు వేయించుకుని, రసీదు తీసుకోండి. నెంబరు పడితే అది లైబ్రరీ ఆస్తి, ఇష్టమొచ్చినట్టు పారెయ్యడానికి వీల్లేదు. అటక మీద, ట్రంకుపెట్టెల్లో ఉన్న పాత పత్రికలు ఉగాదికి బూజు దులుపుతూ కాల్చెయ్యకండి. వాటిని చూడండి, ఫోటో తీయండి, లైబ్రరీకి చేర్చండి.

సర్కారును కూడా నిలదియ్యాలి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. పల్లెలో పూరిల్లు ఉన్నవాడూ కడుతున్నాడు. ఆ పైసలు పంచాయతీ నుంచి, మునిసిపాలిటీ నుంచి గ్రంథాలయ సంస్థకు చేరుతున్నాయా? మన మండల లైబ్రరీ తలుపు ఎన్ని గంటలు తెరిచి ఉంటోంది? లైబ్రేరియన్ ఉన్నాడా, లేక అటెండరే తాళం తీసి పేపరు వేసి పోతున్నాడా? డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉంటే సోర్సు ఎక్కడుందో పిల్లకు చెప్పేదెవరు? పుస్తకాలు దాచడానికి కాదు, వాడటానికని, ప్రతి పాఠకుడికీ కావల్సిన పుస్తకం అందాలని రంగనాథన్ 1931లోనే సూత్రం కట్టాడు. గ్రంథాలయ ఉద్యమానికి పుట్టిల్లని చెప్పుకునే తెలుగునేల మీద మన పల్లెకు ఆ సూత్రం ఇంకా చేరలేదు. రేషను కార్డు కోసం, ఇళ్ల స్థలం కోసం ధర్నా చేసినట్టే లైబ్రేరియన్ పోస్టు కోసం కూడా ధర్నా చెయ్యాలి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాం. వారం గడువు దాటింది. ఆమె అంశం మార్చుకోలేదు. ఇరవై ఆరు ఆధారాల చిట్టా రాసుకుని, ఏది ఏ లైబ్రరీలో ఏ నెంబరు కింద ఉందో పక్కన వేసుకుని సారు దగ్గరికి పోయింది. సారు చాలాసేపు చూశాడంట. “ఇవన్నీ ఎక్కడివమ్మా?” అన్నాడంట. ఆ సారు చెడ్డవాడేమీ కాదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు, అంతే. చివరికి “నాకూ ఒక జిరాక్సు ఇవ్వు” అన్నాడంట.

ఆ చిట్టా ఆమె మాకు కూడా ఒకటి ఇచ్చింది. మా ఆఫీసులో ఉంది. ఈసారి చెదలు తిననివ్వం. చదువుకునే మీ పిల్లలెవరైనా వస్తే చూపిస్తాం. కానీ ఇరవై ఏడో పేరు మాత్రం వాళ్లే వెతికి దాని కింద రాసి పోవాలి. అదే మా షరతు.

జై భీమ్.